పేరు లేని బిళ్ల: జర్మన్ సైనికుల ఆనవాళ్ల వెనుక చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన జర్మన్ సైనికుల ఎముకలు తూర్పు ఐరోపా పొలాల్లో, అడవుల్లో ఇప్పటికీ బయటపడుతున్నాయి. చాలాసార్లు వాటితో దొరికే ఆధారం ఒక్కటే. జింకుతోనో అల్యూమినియంతోనో చేసిన కోలటి గుర్తింపు బిళ్ల. ఆర్మీ బిళ్లల మీద మామూలుగా పేరుండదు. దళం పేరు పొడి అక్షరాల్లో, ఒక వరుస నంబరు, చాలావాటి మీద బ్లడ్ గ్రూపు, అంతే.

ఆ దళం పేరు చూసి ‘ఇతను ఫలానా రెజిమెంటులో పోరాడి చనిపోయాడు’ అని తేల్చేయడం చాలామంది చేసే పని. అక్కడే దారి తప్పుతారు. బిళ్ల మీద సాధారణంగా ఉండేది సైనికుడికి ఆ బిళ్ల ఇచ్చిన దళం పేరు. ఎక్కువమందికి అది కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చి యుద్ధానికి పంపే ‘ఎర్జాట్స్’ బెటాలియన్. తర్వాత గాయపడి, కోలుకుని, వేరే డివిజన్లకు మారినా పాత బిళ్లే మెడలో ఉండేది. పైగా 1942 అక్టోబరులో ఇన్‌ఫాంట్రీ (పదాతి దళ) రెజిమెంట్లకు గ్రెనడియర్ అని పేరు మార్చారు. అంతకుముందు కొట్టిన బిళ్లల మీద మాత్రం పాత పేరే ఉంది.

రెజిమెంటు పేరే ఉంటే అంకెలు కొంత చెబుతాయి. రెజిమెంటులో బెటాలియన్లు, వాటిలో కంపెనీలు ఉంటాయి. ముందు రోమన్ అంకె ఉంటే బెటాలియన్, మామూలు అంకె ఉంటే కంపెనీ. ఇన్‌ఫాంట్రీలో 1 నుంచి 4 కంపెనీలు మొదటి బెటాలియన్‌వి, 5 నుంచి 8 రెండోదానివి. 13 అంటే ఫిరంగుల కంపెనీ, 14 అంటే ట్యాంకుల్ని ఎదుర్కొనే కంపెనీ.

పేరు ఎందుకు లేదు? మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో జర్మన్ బిళ్లల మీద పేరు, పుట్టిన తేదీ, ఊరు కూడా కొట్టారు. రెండో యుద్ధం నాటికి పేరు కాగితానికి మారింది. ఏ నంబరు ఎవరిదో ప్రతి దళం జాబితా రాసి, మార్పులు జరిగినప్పుడల్లా బెర్లిన్‌లోని ‘వాస్ట్’ అనే కార్యాలయానికి పంపాలి. ఆ కార్యాలయం 1939 ఆగస్టులో, యుద్ధానికి కొన్ని రోజుల ముందే మొదలైంది. సైనికుడు ఎక్కడి నుంచి ఎక్కడికి మారాడో తెలిసేది ఆ కాగితాల్లోనే. యుద్ధం తర్వాత కూడా నడిచిన ఆ కార్యాలయం 2019లో జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో కలిసింది. కోటీ ఎనభై లక్షల మందికి పైగా వివరాలు అక్కడున్నాయి. అందుకే బిళ్లను దానంతట అది చదవలేం, జాబితాతో కలిపి చదవాలి.

బిళ్ల మధ్యలో విరవడానికి వీలుగా చీలికలుంటాయి. రెండు సగాల మీదా ఒకే రాత. సైనికుడు చనిపోతే నమోదు కోసం సగం విరిచి పంపాలి, మిగతా సగం శవంతోనే ఉండాలి అని 1929 జెనీవా ఒప్పందం చెప్పింది. కాబట్టి తవ్వకంలో బిళ్ల మొత్తంగా దొరికితే, ఆ చావును ఎవరూ నమోదు చేయలేదని అనుమానించాలి. అతను బహుశా ఇంకా ‘ఆచూకీ లేనివాళ్ల’ లెక్కలోనే ఉంటాడు. ఇంట్లోవాళ్లకు కబురు అందకుండానే ఒక తరం గడిచిపోయి ఉంటుంది.

బెర్లిన్‌కు దక్షిణాన హాల్బె అడవుల్లో 1945 ఏప్రిల్ చివర సోవియట్ సేనల ముట్టడిలో చిక్కిన జర్మన్ సైన్యం నలిగిపోయింది. అక్కడి స్మశానంలో 20 వేల మందికి పైగా ఉన్నారు, చాలామంది పేరు లేకుండానే. ఆఖరి వారాల గందరగోళంలో జాబితాలు కూడా సరిగా అందలేదు. అలాంటి చోట ఎముకల పక్కనున్న ఒక్క బిళ్లే మిగిలిన దారి.

అందుకే పాత వస్తువుల మార్కెట్లో ఈ బిళ్లలు అమ్ముడవడం చూస్తే నాకు కడుపు మండుతుంది. నేలలోంచి బిళ్లను విడిగా తీస్తే, అమ్మినవాడి చేతిలో ఒక నంబరు మిగులుతుంది, నేలలో ఎవరివో తెలియని ఎముకలు మిగులుతాయి. దొరికినవాళ్లు తవ్వడం ఆపి, దేన్నీ కదపకుండా పోలీసులకు గానీ, జర్మన్ యుద్ధ సమాధులు చూసే ‘ఫోక్స్‌బుండ్’ సంస్థకు గానీ చెప్పాలి. బిళ్ల ఏ ఎముకల దగ్గర, ఎంత లోతున ఉందో రాసుకుంటేనే జాబితాలోని పేరును ఆ మనిషికి ధైర్యంగా ఇవ్వగలరు.