డిసెంబరు దాటిన పత్తి చేను: గులాబీ పురుగు వెనుక కథ

పైకి నిండుగా, పచ్చగా కనిపించే పత్తి కాయను విరిచి చూస్తే లోపల ఒక తొనలో దూది పసుపు బారి ముద్ద కట్టి ఉంటుంది. అందులో రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. గోటితో విడదీస్తే మధ్యలో అర అంగుళం లోపు గులాబీ రంగు పురుగు ముడుచుకుని పడుకుని ఉంటుంది. కాయ మీద రంధ్రం కోసం వెతికినా దొరకదు. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్ల పురుగు గంటల్లోనే కాయలోకి తొలుచుకుపోతుంది. కాయ ఎదిగే కొద్దీ ఆ రంధ్రం పూడుకుపోతుంది. ఆ తర్వాత పైన ఎన్ని ట్యాంకుల మందు కొట్టినా లోపలున్న దానికి తగలదు.

2017 ఖరీఫ్ నుంచి ఆదిలాబాద్ మొదలుకొని కర్నూలు దాకా పత్తి రైతును ఎక్కువగా దెబ్బ తీస్తున్నది ఈ పురుగే. కాయతొలుచు పురుగును చంపే గుణం చేర్చిన బీటీ విత్తనం వేసినా ఎందుకొచ్చిందని రైతులు అడుగుతున్నారు. దానికి జవాబు విత్తన ప్యాకెట్‌లో కొంతే ఉంది. మిగతాదంతా పంట ఎప్పుడు వేశాం, ఎప్పుడు తీసేశాం అన్నదాంట్లో ఉంది.

గులాబీ పురుగు మనకు కొత్తది కాదు. దీన్ని శాస్త్రజ్ఞులు మొదట వర్ణించింది 1843లో. ఆ నమూనాలు గుజరాత్‌లోని భరూచ్ పత్తి చేలలోవి. మద్రాసు ప్రెసిడెన్సీ 1919లో పంట తెగుళ్లు, పురుగుల మీద ఒక చట్టం తెచ్చింది. దాని కింద కంబోడియా పత్తి వేసిన ప్రాంతాల్లో గడువులోగా మోళ్లు పీకేయాలని ఆదేశించేవారు. చేలో పత్తి లేని నెలలు కొన్ని ఉంటే ఈ పురుగుకు తిండి కరువవుతుందని వందేళ్ల కిందటే తెలుసన్నమాట. ఇది బెండ మీద అరుదుగా కనిపించినా బతుకంతా పత్తి మీదే.

తర్వాతి కాలంలో ఆ కట్టుబాటు సడలిపోయింది. 1970లో సూరత్‌లో హైబ్రిడ్-4 వచ్చింది. వాణిజ్యపరంగా సాగైన తొలి సంకర పత్తి అదే. సంకర పత్తితో దిగుబడి పెరిగింది, పంటకాలం కూడా పెరిగింది. ఎరువు, నీరు ఉంటే ఆరు నెలలు దాటినా మళ్లీ మళ్లీ పూత వస్తుంది. 1980 దశకం మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో కాయతొలుచు పురుగులు ఠక్కున పడిపోయేవి. కానీ అవే మందులు మిత్రపురుగులను కూడా తుడిచిపెట్టాయి. దాంతో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో ఆ జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. పదేళ్లకు, 1997-98లో, పొగాకు లద్దె పురుగు రూపంలో అదే కథ వరంగల్‌లో జరిగింది. అప్పటికే శనగపచ్చ పురుగు చాలా మందులకు లొంగడం మానేసింది. ఖమ్మం జిల్లా పునుకులలో మాత్రం రైతులు పురుగుమందులు పూర్తిగా వదిలి, వేప కషాయం, పురుగును తమ వైపు లాగే ఎర పంటలు, ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలతో పత్తి పండించి చూపించారు. ఆ ఊరి దారి తర్వాత స్వయం సహాయక సంఘాల ద్వారా చాలా జిల్లాలకు పాకింది.

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియాలోని క్రై1ఏసీ జన్యువును మొక్కలో చేర్చారు. దాన్ని తిన్న కాయతొలుచు పురుగు చస్తుంది. 2006లో క్రై2ఏబీ అనే రెండో జన్యువు కూడా కలిపిన బోల్‌గార్డ్-2 వచ్చింది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య కమిషన్ దాకా వెళ్లి పోరాడటంతో, 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల ప్యాకెట్ 750 రూపాయలకు దిగింది. ఇంకొన్నేళ్లకు దేశంలో పత్తి విస్తీర్ణంలో పదింట తొమ్మిది వంతులకు పైగా బీటీయే అయింది. మందుల ఖర్చు నిజంగానే తగ్గింది. అందుకే రైతు దాన్ని అంత ఇష్టంగా పట్టుకున్నాడు, అందులో అతని తప్పేమీ లేదు.

పొరపాటు మూడు చోట్ల జరిగింది.

మొదటిది, నాన్ బీటీ గింజల సంచి. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చేవారు. చేను చుట్టూ ఐదు సాళ్లు లేదా చేనులో ఐదో వంతు, ఏది ఎక్కువైతే అంత, వాటితో నింపాలి. బీటీని తట్టుకున్న ఒకటో అరో పురుగు తనలాంటి దానితోనే జత కడితే పిల్లలన్నీ తట్టుకునేవే పుడతాయి. నాన్ బీటీ సాళ్లలో పెరిగిన మామూలు రెక్కల పురుగులు చుట్టూ ఉంటే ఆ జత కుదరడం కష్టమవుతుంది, తట్టుకునే గుణం పలచబడుతుంది. మూడెకరాల రైతుకు ఐదో వంతు చేను పురుగుకు వదిలేయడమంటే మాటలు కాదు. ఎందుకో చెప్పినవాళ్లూ తక్కువే. దాంతో ఆ చిన్న సంచి గట్టు మీదే పడిపోయింది. ఇప్పుడు అదే ప్యాకెట్‌లో నాన్ బీటీ గింజ కలిపి ఇస్తున్నారు.

రెండోది అంతగా చర్చకు రాని సంగతి. మన దగ్గర అమ్మే బీటీ విత్తనం దాదాపు అంతా సంకరమే. బీటీ జన్యువు సాధారణంగా సంకరం చేసిన రెండు మొక్కల్లో ఒకదాని నుంచే వస్తుంది. అలాంటి మొక్కకు కాసిన కాయలో కొన్ని గింజలకు పురుగును చంపే బీటీ విషం ఉండదు. ఒక జన్యువు లెక్కన నాలుగు గింజల్లో ఒకదానికి ఉండదు. రెండు జన్యువులున్నా పదహారింట ఒక గింజకు రెండూ ఉండవు, మరికొన్నింటికి ఒక్కటే ఉంటుంది. శనగపచ్చ పురుగు ఆకు, గూడ (పూమొగ్గ), కాయ అన్నీ కొరుకుతుంది. గులాబీ పురుగు గింజ తిని బతుకుతుంది. అంటే ఒకే కాయలో తనకు పడేది, పడనిది రెండూ దొరుకుతూ, విషాన్ని తట్టుకునే పురుగులు మిగలడానికి అనువైన చోటు మనమే కల్పించాం. గుజరాత్‌లోని అమ్రేలి, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో క్రై1ఏసీని తట్టుకునే గులాబీ పురుగు బయటపడిందని 2010లో ప్రకటించారు. 2014-15కల్లా బోల్‌గార్డ్-2 కూడా అక్కడ చేతులెత్తేసింది. 2017లో మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో చాలా చేలలో పురుగు కనిపించింది. ఆ ఏడాది యవత్మాల్‌లో పురుగుమందుల పిచికారీ వల్ల 20 మందికి పైగా చనిపోయారు.

మూడోది, అన్నిటికంటే బరువైనది, పంటకాలం. నవంబరు నుంచి పగలు కురచై చలి పెరిగితే ఎదిగిన పురుగు కోశస్థ దశకు (రెక్కల పురుగుగా మారే ముందు గూడులో ఉండే దశ) పోకుండా గింజలోనే నిద్రాణంగా ఉండిపోతుంది. బోరు కింద జనవరి, ఫిబ్రవరి దాకా ఉంచిన చేనులో పెరిగేవి ఎక్కువగా ఈ నిద్రపోయే పురుగులే. ఎండు కాయల్లో, గట్టు మీద పేర్చిన కట్టెలో, జిన్నింగు మిల్లు గింజల్లో అవి వేసవి దాటిస్తాయి. తొలకరి తేమకు రెక్కల పురుగులై లేస్తాయి. అప్పటికి గూడ లేని చేను ఎదురైతే గుడ్లు పెట్టే చోటు లేక కొద్ది రోజుల్లో చస్తాయి. మేలో బోరు నీటితో ముందుగా పెట్టిన పత్తి జూన్ చివరికల్లా గూడ వేసి వాటికి స్వాగతం పలుకుతుంది. ఊళ్లో అలాంటి చేలు నాలుగున్నా చాలు, మిగతా అందరి చేలకూ పురుగు అక్కడి నుంచే పాకుతుంది.

అమెరికాలో ఈ పురుగును 2018లో పత్తి ప్రాంతాల నుంచి నిర్మూలించినట్టు ప్రకటించారు. అరిజోనాలో బీటీతో పాటు నాన్ బీటీ సాళ్లు పాటించారు, తర్వాత సంతానశక్తి లేని రెక్కల పురుగులను విమానాల నుంచి వదిలారు, పంట కాగానే మోళ్లు దున్నేశారు. విమానాలు మనకు కుదరవు గానీ మోళ్లు దున్నడం కుదురుతుంది.

చేలో చేయాల్సింది ఇదీ. నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిశాకే విత్తనం పెట్టాలి, జూలై మధ్యకల్లా ముగించాలి. 45 రోజులకు ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు పైరు కంటే అడుగు ఎత్తులో కట్టాలి. పైరు పెరిగే కొద్దీ బుట్టనూ పైకి జరపాలి. చాలామంది ఈ పని మరిచిపోతారు, ఆకుల్లో మునిగిన బుట్టలో పురుగు పడదు. ఎరను మూడు నాలుగు వారాలకోసారి మార్చాలి. బుట్టకు రోజుకు ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు పడ్డాయంటే మందు కొట్టే సమయమొచ్చినట్టే. రేకులు విచ్చుకోకుండా గిరగిరా చుట్టుకుపోయిన గుడ్డిపూలను ఏరి చంపేయాలి. ఎకరంలో అక్కడక్కడా 20 పచ్చికాయలు కోసి విరవాలి, రెండింటిలో పురుగు ఉంటే హద్దు దాటినట్టు. మొదట్లో 1,500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మి.లీ., పురుగు పెరిగితే ప్రొఫెనోఫాస్ 2 మి.లీ. లేదా థయోడికార్బ్ 1.5 గ్రాములు. పైరిత్రాయిడ్లను నవంబరు కంటే ముందు ముట్టుకోకూడదు, కొడితే తెల్లదోమను పిలిచినట్టే. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలపడం మానాలి.

నిద్రపోయే పురుగులు పెరగకుండా డిసెంబరులోనే చేను ముగించమంటే రైతు ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. అచ్చు తోలి (నిలువు, అడ్డం గీతలు గీసి) 90×90 సెంటీమీటర్లలో పెడితే ఎకరానికి ఐదు వేల మొక్కలే. 4 గ్రాముల కాయ లెక్కన 12 క్వింటాళ్లు రావాలంటే చెట్టుకు 60 కాయలు కావాలి, అందుకు జనవరి దాకా ఆగక తప్పదు. 90×15లో పెడితే మొక్కలు 30 వేలు, చెట్టుకు పది కాయలు చాలు. ఆ పది కాయలు ముందే కాసి, దాదాపు ఒక్కసారే పగులుతాయి. కానీ ఇందుకు పొట్టిగా, కొమ్మలు తక్కువగా పెరిగే రకం కావాలి. గుబురుగా పెరిగే సంకరాన్ని దగ్గరగా పెడితే గాలి ఆడక కింది కాయలు కుళ్లిపోతాయి. 45, 65 రోజులకు మెపిక్వాట్ క్లోరైడ్ లీటరుకు 1 మి.లీ. కలిపి కొట్టి ఎత్తు ఆపాలి. విత్తనం ఎకరానికి ఐదారు ప్యాకెట్లు పడుతుంది. ఈ ఖర్చే చిన్న రైతును వెనక్కి లాగుతోంది, ఇక్కడ సాయం అందాలి.

చివరి తీత కాగానే చేలో గొర్రెలు, మేకలు తోలితే మిగిలిన పచ్చికాయలు తినేస్తాయి. తర్వాత కట్టెను ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి దున్నాలి. పొయ్యిలోకని గట్టు మీద పేరిస్తే పురుగును దాచినట్టే. ధర కోసం ఇంట్లో పోసిన పత్తి కూడా అంతే. జిన్నింగు మిల్లుల ఆవరణలో మార్చి, ఏప్రిల్ దాకా బుట్టలు కట్టి ఉంచాలి. వేసవిలో వాటిలో రెక్కల పురుగులు పడుతున్నాయంటే ఆ మిల్లు చుట్టుపక్కల ఊళ్లు ఆ ఏడాది ముందస్తు పత్తి అసలు పెట్టకూడదు.