ముందు గాలి లీకులు, ఆ తర్వాతే హార్స్‌పవర్

1989లో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్32 వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన శక్తి 280 పీఎస్ (అంటే మెట్రిక్ హార్స్‌పవర్). అంతకు మించి ప్రకటించకూడదని అప్పట్లో జపాన్ కార్ల కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకున్నాయి, 2004 దాకా దానికే కట్టుబడ్డాయి. కానీ ఆ 2.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌ని రేసుల కోసమే తయారుచేశారు. 1991లోనూ 1992లోనూ ఆస్ట్రేలియాలో బాథర్స్ట్ రేసు గెలిచింది ఈ కారే. అందుకే పాత ఆర్32 చేతికి రాగానే ఎవరికైనా బూస్ట్, అంటే ఇంజన్ పొగతో తిరిగే టర్బో లోపలికి నొక్కే గాలి ఒత్తిడి, పెంచుదామనే అనిపిస్తుంది. అది మాత్రం ఆఖర్న చేయాల్సిన పని.

బూస్ట్ పెంచడం ఎంత సులువో చూడండి. టర్బో ప్రెషర్‌ని అదుపులో పెట్టే ఒక సన్న రబ్బరు గొట్టంలో, మధ్యలో చిన్న రంధ్రం ఉన్న లోహపు ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని తీసేస్తే 0.7 బార్ (ఒత్తిడి కొలత) దగ్గర ఆగే బూస్ట్ దాదాపు 1 బార్‌కి చేరుతుంది. పైసా ఖర్చు లేదు. అయితే కంపెనీ టర్బోల్లో పొగ వైపు తిరిగే చక్రం సిరామిక్‌తో చేసింది. తేలిక కాబట్టి చటుక్కున వేగం అందుకుంటుంది, కానీ పింగాణీ కప్పులా పెళుసు. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ, ఎర్రగా కాలిన పొగలో ఉండే ఆ చక్రం, పెంచిన బూస్ట్‌కి విరిగి ముక్కలై సైలెన్సర్ దారి పట్టడం ఈ కార్ల వాళ్లందరికీ తెలిసిన కథే. గట్టిగా నడపాలనుకుంటే స్టీల్ చక్రాల టర్బోలు వేసుకోవాలి. అవి వేగం అందుకోవడం కాస్త ఆలస్యమైనా నమ్ముకోవచ్చు.

అసలు మొదలుపెట్టాల్సింది రబ్బరు దగ్గర. ముప్పై ఏళ్లు వేడిలో మగ్గిన గొట్టాన్ని వేళ్లతో వంచితే అంచుల్లో సన్నని బీటలు కనిపిస్తాయి. ఈ ఇంజన్‌లోకి వెళ్లే గాలిని రెండు సెన్సర్లు కొలుస్తాయి, ఆ లెక్క ప్రకారమే కంప్యూటర్ పెట్రోల్ పోస్తుంది. కొలిచిన గాలి బూస్ట్‌లో ఎక్కడో బయటికి పోతే పెట్రోల్ ఎక్కువై నల్ల పొగ వస్తుంది. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, అదే బీటలోంచి కొలవని గాలి లోపలికి దూరితే ఇంజన్ నిలకడగా ఉండదు. పంక్చర్ షాపులో ట్యూబుని నీళ్లలో ముంచినట్టే ఇక్కడా పైపుల్లోకి గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నురగ రాసి బుడగలు వెతకాలి. చూడాల్సింది ఇంకొకటుంది: తొలి ఇంజన్లలో ఆయిల్ పంపుని క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పట్టుకునే భాగం కురచగా ఉంటుంది. ఇంజన్ విప్పినప్పుడే అక్కడ వెడల్పాటి కాలర్ వేయించడం మంచిది. పంపు పగిలితే మిగతావన్నీ దాని వెంటే పోతాయి.

ఇక ట్యూనింగ్, అంటే బూస్ట్‌కి తగ్గట్టు పెట్రోల్, స్పార్క్ లెక్కలు సరిచేయడం. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం మనందరికీ తెలుసు. 30 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కితే 100 డిగ్రీలు దాటుతుంది. దాన్ని ఇంటర్‌కూలర్ చల్లార్చకపోతే సిలిండర్‌లో మంట ఒక పద్ధతిగా పాకేలోపే, చివర మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. అదే నాకింగ్. 86 మిల్లీమీటర్ల ఈ సిలిండర్లో ఆ పేలుడు దాదాపు 6, 7 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అందుకే మంచి ట్యూనర్ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు. పెట్రోల్ ఆక్టేన్ ఎంత ఎక్కువుంటే నాకింగ్‌ని అంత తట్టుకుంటుంది. జపాన్‌లో ఈ కార్లకు పోసేది 100కి దగ్గరగా ఉండే రకం, మన బంకుల్లో మామూలు పెట్రోల్ చాలా ఏళ్లు 91గానే ఉండేది. ఒకచోట చేసిన ట్యూనింగ్ ఇంకోచోట పనికిరాకపోవడానికి ఇదొక్కటి చాలు.

స్పార్క్‌ని ఒక్కొక్క డిగ్రీ చొప్పున ముందుకు జరపాలి. నిమిషానికి 7000 చుట్ల దగ్గర క్రాంక్ ఒక డిగ్రీ తిరగడమంటే సెకనులో 42 వేలవ వంతు. అంత చిన్న తేడాకే పిస్టన్ బతకడమో పోవడమో తేలిపోతుంది. ఫుల్ బూస్ట్‌లో ఒకసారి లాగించి, వెంటనే ఇంజన్ ఆపి, ప్లగ్గు విప్పి భూతద్దం కింద పెట్టండి. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు కనిపించినా, అల్యూమినియం మెరుపులు కనిపించినా అది పిస్టన్ కరిగి రాలుతున్న గుర్తు. బూస్ట్ తగ్గించి, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగి, కొత్త ప్లగ్గులు వేసి మళ్లీ మొదటి నుంచి రావాలి.