పిల్లలమర్రి చెప్పని వయసు, టేకు దూలం చెప్పే ఏడు

పాలమూరు పక్కనున్న పిల్లలమర్రి వయసు 700 ఏళ్లని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ లెక్కను చెట్టునే అడిగి సరిచూసుకునే వీలు లేదు. మర్రి చెక్కలో ఒక ఏటిని మరో ఏటి నుంచి విడదీసే స్పష్టమైన గీత ఏర్పడదు. పైగా ఒక్కో ఊడ ఒక్కో కాలంలో నేలను తాకి మానుగా మారుతుంది కనుక, ఏ మానును పరిశీలించినా తెలిసేది ఆ ఊడ సంగతే.

టేకు స్వభావం వేరు. నల్లమలలో అమ్రాబాదు వైపు ఎండాకాలం వెళ్లినవారికి మోడులా నిలిచిన టేకు చెట్లు తెలిసే ఉంటాయి. తొలకరికి చిగురించగానే ఆ చెట్టు నీటిని వేగంగా పైకి తోడుకోవడానికి పెద్ద రంధ్రాలున్న చెక్కను వేసుకుంటుంది. వానలు వెనుకబట్టాక సన్నని రంధ్రాలతో గట్టి చెక్క తయారవుతుంది. ఆ గట్టి చెక్క ముగిసి మరుసటి ఏటి పెద్ద రంధ్రాలు మొదలయ్యే చోటు కంటికి కనిపించే వలయమవుతుంది. వానలు సమృద్ధిగా కురిసిన ఏడు వలయం వెడల్పుగా, కరువు ఏడు సన్నగా పడే అవకాశం ఎక్కువ. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కేరళ టేకు వలయాలను జోడించి 1481 నుంచి 2003 వరకు, అంటే 523 ఏళ్ల వరుసను నిర్మించి, అందులో ఎల్ నినోతో (పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కడంతో) ముడిపడిన బలహీన రుతుపవనాల జాడలను గుర్తించారు.

వలయాలను వట్టిగా లెక్కపెడితే మాత్రం మోసపోతాం. వానాకాలం నడుమ పెద్ద ఎడం వచ్చి మళ్లీ వర్షాలు పడితే ఒకే ఏడు రెండు గీతలు పడవచ్చు. గడ్డు కాలంలో ఒక వలయం ఏర్పడకుండానే పోవచ్చు. అందుకే ఒక ప్రాంతపు అనేక చెట్ల సన్న, వెడల్పు వలయాల వరుసను పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు. వలయాలతో కాలాన్ని కట్టే ఈ శాస్త్రానికి ఆద్యుడైన అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఏ.ఇ. డగ్లస్ అరిజోనాలో చెట్ల వలయాల్లో సూర్యమచ్చల ప్రభావాన్ని వెతుకుతూ ఈ పోలికలోని శక్తిని గ్రహించాడు. 1929లో అదే రాష్ట్రంలోని ‘షో లో’ (Show Low) అనే పట్టణంలో దొరికిన బొగ్గుగా మారిన ఒక దూలపు ముక్క, బతికున్న చెట్ల వరుసనూ పురాతన శిథిలాల కట్టెల వరుసనూ కలిపేయడంతో, అక్కడి ప్యూబ్లో అనే మూలవాసుల పాత కట్టడాల కాలం ఏళ్లతో సహా తేలింది.

మన దగ్గర ఇది నాకు ఎక్కువ ఆశ కలిగించేది మిద్దె ఇళ్ల విషయంలో. పానగల్లు గుళ్ల కాలాన్ని శాసనాలతో, శిల్పశైలితో అంచనా కట్టవచ్చు; గద్వాల, వనపర్తి, దేవరకొండ వైపు పాత ఇళ్లకు, గడీలకు శాసనం ఎవరు వేయిస్తారు? వాటి దూలాల్లో, మొగురాల్లో టేకు ఉంటే, అదే ఆ ఇంటి లెక్కపుస్తకం. అయితే కేరళ వానలతో మన వానలను కొలవలేం కనుక, ముందు నల్లమలలోని పెద్ద టేకు చెట్ల నుంచి పెన్సిలు కంటే సన్నని నమూనాలు తీసి స్థానిక వరుసను కూర్చాలి. ఆ పనిలో చెట్టును నరకనక్కరలేదు.

ఇంకో చిక్కు వడ్రంగి నేర్పులోనే ఉంది. చెదలు పడుతుందని అతడు చేవ చుట్టూ ఉన్న తెల్లటి చెక్కను చెక్కేస్తాడు. దానితోపాటు చివరి ఏళ్ల వలయాలూ పోతాయి. అప్పుడు ఫలానా ఏటి తరువాత నరికినదని చెప్పగలమే గాని, నరికిన ఏడు చెప్పలేం. బెరడు అంచు మిగిలిన ఒక్క ముక్క దొరికినా ఆ ఏడు పట్టుబడుతుంది. పాత ఇంటి దూలం కొత్త ఇంటికి ఎక్కడం మన ఊళ్లలో మామూలే కాబట్టి, ఒక్క దూలాన్ని నమ్మక, ఇంట్లో వీలైనన్ని కట్టెలను చూడాలి.

ఇప్పుడు ఆ ఇళ్లను పడగొడుతున్నప్పుడు దూలాలు కోతమిల్లుకు వెళ్లి కొత్త తలుపులుగా మారుతున్నాయి. కోయకముందు ప్రతి దూలం కొసన రెండు వేళ్ల మందాన అడ్డంగా ఒక బిళ్ల తీయించి, దానిపై ఊరి పేరు, ఇంటి పేరు, దూలం ఏ గదిలో ఉండేదో రాసి, బెరడు అంచు ఉంటే దానిని చెక్కనివ్వకుండా పొడి చోట దాచితే, వరుస సిద్ధమైన రోజున దాన్ని చదవవచ్చు.