రెండో కాపురం, పంచాయితీ, హత్య: విశాఖ నేపథ్యం

భర్త రెండో పెళ్లి చేసుకున్న ఇంట్లో హత్య జరిగితే, దానికి క్షణికావేశమే కారణమని చెప్పి ముగించడం మనకు అలవాటైపోయింది. ఇలాంటి హత్యల వెనుక చాలాసార్లు ఏళ్ల తరబడి సాగిన కొట్లాటలు, బెదిరింపులు, పెద్దమనుషుల రాజీలు ఉంటాయి.

విశాఖపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1949లో, హిందువులలో ద్విభార్యత్వాన్ని నిషేధిస్తూ ఆ రాష్ట్రం చట్టం చేసింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఆ నిషేధాన్ని విస్తరించింది. షెడ్యూల్డ్ తెగలకు మాత్రం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఆ చట్టం వర్తించదు కనుక పాడేరు, అరకు మన్యంలోని గిరిజనుల పెళ్లిళ్లకు వారి ఆచారమే ఆధారం. ముస్లిం పర్సనల్ లా నలుగురు భార్యల వరకు అనుమతిస్తుంది.

నిషేధం వచ్చినా రెండో కాపురాలు ఆగలేదు. రెండో పెళ్లి శాస్త్రోక్తంగా జరిగినట్టు రుజువు కాకపోతే అది నేరం కాదని 1965లో సుప్రీంకోర్టు చెప్పడంతో, గుళ్లో దండలు మార్చుకుని వేరుకాపురం పెట్టిన మగవాడికి శిక్ష తప్పించుకునే దారి దొరికింది. ఆ తాళి కట్టించుకున్న స్త్రీకి మాత్రం భార్య హోదా దక్కలేదు. ఆంధ్రప్రదేశ్ 1992లో ద్విభార్యత్వ నేరంపై పోలీసులే నేరుగా కేసు కట్టే వీలు కల్పించింది. రెండో భార్య కూడా వేధింపుల కేసు పెట్టవచ్చని 2011లో సుప్రీంకోర్టు ఈ రాష్ట్రానికి చెందిన కేసులోనే తేల్చింది.

పోర్టు, స్టీల్‌ప్లాంట్, షిప్‌యార్డ్ ఉద్యోగాలున్న ఈ నగరంలో తగాదా జీతం దగ్గర మొదలై పీఎఫ్ నామినీ దాకా వెళుతుంది. మొదటి భార్య పేరు ఆఫీసు రికార్డుల్లో ఉంటుంది, రెండో ఆమె చేతిలో అద్దె రసీదు తప్ప ఏమీ ఉండదు. చెల్లని పెళ్లిలో పుట్టిన పిల్లలకు తండ్రి ఆస్తిలో హక్కు ఉంది కాబట్టి ఇల్లు ఎవరి పేర పెట్టాలన్న ప్రశ్న వస్తే ఎవరూ వెనక్కి తగ్గరు.

అప్పుడు పెద్దలు కూర్చుంటారు. వారంలో నాలుగు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ ఉండాలని, జీతంలో ఇంత ఇవ్వాలని స్టాంపు పేపరు మీద రాయించి ముగ్గురి చేత సంతకాలు పెట్టిస్తారు. ఆ కాగితానికి చట్టబలం లేదు. పైగా దీన్ని సవతుల పోరుగా చూసినంత కాలం, ఇద్దరినీ ఈ స్థితికి తెచ్చినవాడే మధ్యవర్తిలా కూర్చుంటాడు. ఇది నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపిస్తుంది.

రాజీ చెడినప్పుడల్లా కొట్టడం పెరుగుతుంది. ఒకసారి గొంతు నులిమినవాడు ఆ తర్వాత చంపే ప్రమాదం చాలా ఎక్కువని గృహహింస పరిశోధనలు స్పష్టంగా చెప్పాయి; చంపుతానన్న బెదిరింపు, ఇల్లు వదిలి వెళతానని ఆమె తేల్చి చెప్పిన సమయం కూడా అంతే ప్రమాదకరమైనవి. బలయ్యేది ఎక్కువగా స్త్రీలే అయినా, కొన్ని ఇళ్లలో పిల్లలు, కొన్నిచోట్ల భర్త కూడా ప్రాణం పోగొట్టుకుంటారు.

2006 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు, దాన్ని మీరినవాడికి ఏడాది వరకు జైలు పడుతుంది. అయితే అతనికి పెళ్లయిందని తెలిసే కాపురానికి వచ్చిన స్త్రీకి ఈ చట్టం వర్తిస్తుందా అన్న వాదన కోర్టుల్లో ఆమెకు అడ్డు పడుతూనే ఉంది. గొంతు నులిమాడని చెప్పుకుంటూ స్టేషన్‌కు వచ్చిన స్త్రీ మొదటి భార్యా రెండో భార్యా అని తేల్చే పని తర్వాత చేసుకోవచ్చు. ముందు కేసు కట్టి, ఆ రాత్రి ఆమె ఎక్కడ ఉంటుందో చూడాలి.