ప్రెస్‌మీట్‌కు రావాలి సరే, మురిపించాలా?

తాను ఎవరికీ ఏమీ బాకీ లేనని గోల్ఫర్ కాలిన్ మోరికావా 2025 మార్చిలో అన్న మాట మీద మొదలైన రగడ అప్పటి నుంచీ ఆగి ఆగి రాజుకుంటూనే ఉంది. అంతకు ముందు ఆదివారం ఆర్నాల్డ్ పామర్ ఇన్విటేషనల్‌లో టైటిల్ మోరికావా చేతికందే దశలో ఉండగా రసెల్ హెన్లీ 16వ హోల్‌లో చిప్ షాట్‌తో ఈగిల్ (ఆ హోల్‌కు లెక్కగట్టిన షాట్ల కన్నా రెండు తక్కువ) కొట్టాడు. మోరికావా ఒక్క షాట్ తేడాతో ఓడి, విలేకరులతో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. టీవీ వ్యాఖ్యాతలుగా మారిన మాజీ ఆటగాళ్లు తప్పుపట్టారు. మరుసటి వారం ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో దాని గురించి అడిగితే వచ్చిన జవాబే ఆ మాట. రెండు నెలల తర్వాత రోరీ మెకల్‌రాయ్ పీజీఏ ఛాంపియన్‌షిప్ నాలుగు రౌండ్లు ఆడి, ఒక్క రోజు కూడా నోరు విప్పలేదు. బంతిని దూరం కొట్టడానికి వాడే అతని క్లబ్, డ్రైవర్, పరీక్షలో నిబంధనలకు సరిపోలేదన్న సంగతి బయటికి పొక్కడం మీద కోపం. అప్పటి నుంచి ఏ స్టార్ మైకు ముందు నుంచి తప్పుకున్నా అదే వాదన మళ్లీ మొదటికొస్తోంది.

పత్రికలూ ఆటలూ ఒకదాన్నొకటి ఎలా పెంచి పోషించాయో అందరికీ తెలిసిన కథే, అందులోకి వెళ్లను. ఇప్పుడు జరుగుతున్న గొడవలో రెండు వేర్వేరు విషయాలు చిక్కుపడిపోయాయి. ఆటగాడు విలేకరుల ముందుకు రావాలా అన్నది ఒకటి. వచ్చాక నవ్వుతూ, చమత్కరిస్తూ, మంచి బైట్ ఇచ్చి పంపాలా అన్నది రెండోది. మొదటిది రూలు పుస్తకంలో ఉంది. రెండోది ఎక్కడా లేదు, అయినా స్వతహాగా మితభాషులైన వాళ్ల నుంచి మనం అడిగేది ఎప్పుడూ రెండోదే. ఈ చిక్కుముడి ఎక్కడ బిగుసుకుందో చూడాలంటే పారిస్‌లో 2021 మే నెలాఖరుకు వెళ్లాలి.

అప్పటికి నవోమి ఒసాకా ప్రపంచ రెండో ర్యాంకర్, నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల విజేత. ఫ్రెంచ్ ఓపెన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు, మే 26న, ఈ టోర్నీలో ప్రెస్ కాన్ఫరెన్స్‌లకు రానని సోషల్ మీడియాలో ప్రకటించింది. అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ అడుగుతారు, మాలో లేని అనుమానాలను రేపుతారు, ఓడి కుంగిపోయి ఉన్నవాళ్లను కూర్చోబెట్టి ఇంకా కుంగదీస్తారు అన్నది ఆమె ఫిర్యాదు. జరిమానా పడుతుందని తెలుసు, ఆ డబ్బు మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే సంస్థకు వెళ్తే బాగుంటుందని కూడా రాసింది. రాసిన తీరులో కొంత దురుసు ఉందన్నది నిజమే. కానీ ఆ ఫిర్యాదుకు ఆధారం లేకపోలేదు. ఈ టోర్నీ ఆడే క్లే (మట్టి) కోర్టుపై ఆమెది బలహీనమైన రికార్డు, పారిస్‌లో అప్పటి దాకా మూడో రౌండ్ దాటింది లేదు. గెలిచినా ఓడినా అక్కడ ఏ ప్రశ్న ఎదురవుతుందో ఆమెకు ముందే తెలుసు.

మే 30న తొలి రౌండ్‌లో పాట్రిషియా మరియా టిగ్‌పై గెలిచింది. కోర్టులోనే బ్రాడ్‌కాస్టర్‌కు రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోయింది. 15,000 డాలర్ల జరిమానా పడింది. ఇంతవరకూ ఎవరూ ఆశ్చర్యపోలేదు. టెన్నిస్‌లో ప్రెస్ ఎగ్గొట్టడానికి ఒక ధర ఉంది. 2020 యూఎస్ ఓపెన్‌లో లైన్ జడ్జికి బంతి తగిలి డిస్‌క్వాలిఫై అయిన జొకోవిచ్ కూడా ప్రెస్‌ను తప్పించుకుని 7,500 డాలర్లు కట్టాడు. కట్టేవాడు కట్టాడు, ఆట ముందుకు సాగింది.

అదే రోజు ఇంకొకటి జరిగింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారాన్ని మార్చేసింది అదే. నాలుగు గ్రాండ్‌స్లామ్ టోర్నీల అధిపతులు ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. ఇలాగే కొనసాగితే టోర్నీ నుంచే తప్పిస్తాం, ఇంకా పెద్ద జరిమానాలు ఉంటాయి, మున్ముందు గ్రాండ్‌స్లామ్‌ల నుంచి సస్పెండ్ కూడా చేయవచ్చు అన్నది దాని సారం. మిగతావాళ్లంతా టైమ్ కేటాయిస్తుంటే ఒక్కరు మానేయడం వాళ్లకు అన్యాయం అని కారణం చెప్పారు. అంటే నిన్నటి దాకా డబ్బుతో తీరే తప్పు ఆ సాయంత్రానికి ఆటే ఆడనివ్వని తప్పు అయింది. మాట్లాడకపోవడం, మ్యాచ్ ఆడే హక్కు రెండూ ఒకే తక్కెడలోకి వచ్చాయి. దానికి ముందు టోర్నీ అధికారిక ఖాతాలో నడాల్, నిషికోరి, సబలెంక, గాఫ్ మీడియాతో మాట్లాడుతున్న ఫొటోలు పెట్టి, వీళ్లకు తమ పనేంటో తెలుసన్నట్టు ఒక ట్వీట్ వేశారు. తర్వాత దాన్ని తీసేశారు. బెదురుతున్న మనిషిని నలుగురు బుద్ధిమంతుల పక్కన నిలబెట్టి చూపించే పద్ధతి అది. పెద్ద టోర్నీ నుంచి అలాంటిది వస్తుందని ఎవరూ అనుకోలేదు.

మర్నాడు ఆమె టోర్నీ నుంచి తప్పుకుంది. 2018 యూఎస్ ఓపెన్ నుంచి చాలాసార్లు డిప్రెషన్‌తో అవస్థ పడ్డానని అప్పుడు చెప్పింది. తాను ముభావిననీ, టోర్నీల్లో ఎప్పుడూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తిరిగేది నలుగురిలో ఉన్నప్పుడు కలిగే ఆందోళనను కాస్త తగ్గించుకోవడానికేననీ రాసింది. నలుగురిలో మాట్లాడటం తనకు సహజంగా రాదనీ, మైకు ముందుకు వెళ్లే ముందు విపరీతమైన టెన్షన్ వస్తుందనీ రాసింది. విలేకరులు తనతో ఎప్పుడూ మంచిగానే ఉన్నారని చెప్పి, తన వల్ల బాధపడినవాళ్లకు క్షమాపణ కూడా చెప్పింది. అదే రోజు ఫ్రెంచ్ టెన్నిస్ సమాఖ్య అధ్యక్షుడు జిల్ మొరెటాన్ విలేకరుల ముందుకు వచ్చి రాసుకొచ్చిన ప్రకటన చదివారు. ప్రశ్నలు తీసుకోకుండానే వెళ్లిపోయారు.

ఆమె చెప్పిన 2018 ఫైనల్‌ను గుర్తు చేసుకోవాలి. సెరెనా విలియమ్స్‌కూ అంపైర్‌కూ మధ్య గొడవతో స్టేడియం మొత్తం అరుస్తోంది. బహుమతి ప్రదానంలోనూ అరుపులు ఆగలేదు. తొలి గ్రాండ్‌స్లామ్ గెలిచిన ఇరవయ్యేళ్ల పిల్ల టోపీ అంచు కళ్ల మీదికి లాక్కుని ఏడ్చింది, ఇలా ముగిసినందుకు సారీ అని ప్రేక్షకులకు చెప్పుకుంది. గెలిచినవాళ్లు ముచ్చటగా మాట్లాడాలన్న ఆశ ఎంత బరువో ఆ వేదిక మీద కనబడింది. అలాగని ఆమె దగ్గర చెప్పడానికి ఏమీ లేదని కాదు. 2020 యూఎస్ ఓపెన్‌లో ఏడు మ్యాచ్‌లకు ఏడు మాస్కులు వేసుకుంది, ఒక్కో దాని మీద జాత్యహంకార హింసకు, పోలీసు దౌర్జన్యానికి బలైన ఒక్కొక్కరి పేరు. ఫైనల్ గెలిచాక మీ సందేశం ఏమిటని అడిగితే, మీకు అందిన సందేశం ఏమిటన్నదే అసలు ప్రశ్న అని ఎదురడిగింది. ఆ ఏడాది టెన్నిస్‌లో అంతకన్నా పదునైన జవాబు నేను వినలేదు. చెప్పిన మనిషి మితభాషి.

అవతలి వాదన తేలికైనదేమీ కాదు. దాన్ని బలంగా చెప్పింది అలనాటి టెన్నిస్ దిగ్గజం బిల్లీ జీన్ కింగ్. 1970లో తొమ్మిదిమంది క్రీడాకారిణులు తలా ఒక డాలర్ ఒప్పందం మీద సంతకం పెట్టి మహిళల సర్క్యూట్ మొదలెట్టినప్పుడు వాళ్ల గురించి జనానికి చెప్పింది పత్రికలే. అవి లేకపోతే మేమెవరో, మా అభిప్రాయాలేమిటో ఎవరికీ తెలిసేది కాదని, ఆటగాళ్లకు మీడియాతో మాట్లాడే బాధ్యత ఉందని ఆమె అన్నారు. నడాల్ కూడా ఒసాకాను గౌరవిస్తూనే, మీడియా లేకపోతే మేం ఇంతవాళ్లం అయ్యేవాళ్లం కామన్నాడు. నిజమే. కాకపోతే బిల్లీ జీన్ చెప్పిన బాధ్యత ముందుకు వచ్చి మాట్లాడటం వరకే.

అసలు రూలు ఏం చెబుతుందో ఈ గొడవలో చాలామంది చూడలేదు. గాయపడి, శారీరకంగా రాలేని స్థితిలో ఉంటే తప్ప గెలిచినా ఓడినా మ్యాచ్ అయ్యాక 30 నిమిషాల్లోపు ప్రెస్ కాన్ఫరెన్స్‌కు రావాలి, లేదంటే 20,000 డాలర్ల దాకా జరిమానా. మడమ బెణికితే మినహాయింపు ఉంది. మనసు చెదిరితే లేదు. 2021లో పారిస్‌లో అందరూ ఒకరినొకరు తప్పుపట్టుకుంటున్నప్పుడు అసలు లోపం ఆ ఒక్క షరతులో ఉంది.

రూలు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టగలదు, అంతకు మించి ఏమీ చేయలేదు అని అంతకు ఆరేళ్ల ముందే ఒకరు రుజువు చేశారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సియాటిల్ సీహాక్స్ రన్నింగ్ బ్యాక్ మార్షాన్ లించ్‌కు మీడియాతో మాట్లాడనందుకు 2014 నవంబరులో లక్ష డాలర్ల జరిమానా వేశారు. 2015 జనవరిలో సూపర్ బౌల్ (ఆ ఆట ఫైనల్) మీడియా డే వచ్చింది. లించ్ వచ్చాడు, కూర్చున్నాడు, ఏం అడిగినా జరిమానా పడకూడదనే వచ్చానన్న ఒకే జవాబు. 29 సార్లు అదే చెప్పి ఐదు నిమిషాలలోపే లేచిపోయాడు. చాలామందికి అది తమాషాగా కనిపించింది. నాకు కనిపించింది వేరు: ఇష్టం లేని మనిషి చేత మాట్లాడించాలని చూస్తే చదివేవాళ్లకు దక్కేది అదే.

ముభావంగా ఉండేవాళ్లకు మీడియా వేసిన శిక్ష జరిమానా కన్నా పాతది. 1986లో ఇవాన్ లెండిల్ యూఎస్ ఓపెన్ గెలిచి ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్నప్పుడు స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ముఖచిత్రం మీద వేసిన శీర్షిక, ఎవరికీ పట్టని ఛాంపియన్ అని. నవ్వడు, మాట కలపడు, ఇంగ్లిష్ అతని మాతృభాష కాదు. అంతకు మించి అతను చేసిన నేరం లేదు. బేస్‌బాల్ పిచర్ స్టీవ్ కార్ల్‌టన్ ఏళ్ల తరబడి పత్రికలతో మాట్లాడటమే మానేసి, ఆ మౌనంలోనే 1980, 1982ల్లో ఏటి మేటి పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డులు గెలిచాడు. ఆ రోజుల్లో పత్రికతో తగువు పెట్టుకుంటే జనానికి చేరే దారి ఇంకోటి ఉండేది కాదు. 2014లో బేస్‌బాల్ స్టార్ డెరెక్ జీటర్ రిటైరైన వెంటనే ఆటగాళ్లే నేరుగా రాసుకునే ప్లేయర్స్ ట్రిబ్యూన్ పెట్టాడు. న్యూయార్క్‌లో ఇరవై సీజన్లు ఒక్క వివాదం రాకుండా చప్పని జవాబులతో నెట్టుకొచ్చిన మనిషి పెట్టింది అది. సోషల్ మీడియా ఆ దారిని హైవే చేసింది. బేరంలో మీడియా చెయ్యి కిందైంది, ఇప్పటి కోపంలో సగం అక్కడి నుంచి వస్తున్నదే.

ఇక ఆడవాళ్ల దగ్గర ఈ మురిపించే డ్యూటీ ఎక్కడి దాకా వెళ్తుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. 2015 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మ్యాచ్ గెలిచిన యూజినీ బుషార్డ్‌ను కోర్టు మీదే ఒకసారి గిర్రున తిరిగి డ్రెస్ చూపించమన్నారు. 2018లో తొలి మహిళా బ్యాలన్ డోర్ (ఏటి మేటి ఫుట్‌బాలర్ అవార్డు) అందుకున్న ఆడా హెగర్‌బెర్గ్‌ను వేదిక మీద నడుము ఊపే డాన్స్ వచ్చా అని అడిగారు. రాదని ఒక్క ముక్క చెప్పి పక్కకు తిరిగింది. 2017 ప్రపంచకప్ ముందు మీ అభిమాన పురుష క్రికెటర్ ఎవరని అడిగితే, ఇదే ప్రశ్న మగ క్రికెటర్లను అడుగుతారా అని మిథాలీ రాజ్ నిలదీసింది. ఈ ముగ్గురిలో ఎవరూ మాట్లాడటానికి నిరాకరించలేదు. వాళ్లను అడిగింది ఆట గురించి కాదు, అంతే.

నేను సమర్థిస్తున్న పక్షానికి ఇబ్బంది పెట్టే ఉదాహరణ కూడా పారిస్‌లోనే ఉంది. 2023 ఫ్రెంచ్ ఓపెన్‌లో బెలారస్ క్రీడాకారిణి అరినా సబలెంకను ఒక ఉక్రెయిన్ విలేకరి యుద్ధం గురించి, అందులో రష్యాకు అండగా నిలిచిన బెలారస్ అధ్యక్షుడు లుకషెంకో గురించి సూటిగా అడిగింది. తర్వాతి రెండు మ్యాచ్‌లకు సబలెంక మామూలు ప్రెస్ కాన్ఫరెన్స్‌కు రాలేదు. అక్కడ తనకు సురక్షితంగా అనిపించలేదంది. నిర్వాహకులు ఒప్పుకున్నారు, జరిమానా లేదు, ఎంపిక చేసిన వాళ్లతో మాట్లాడించి ఆ సంభాషణ రాతప్రతిని అందరికీ పంచారు. రెండేళ్ల ముందు బుద్ధిమంతుల ఫొటోల్లో ఉన్న నలుగురిలో ఆమె ఒకరు. ఒసాకాకు దొరకని వెసులుబాటు ఆమెకు దొరకడం మంచిదే. కానీ ఇక్కడ ఆగిపోయింది ఫోర్‌హ్యాండ్ మీద ప్రశ్న కాదు, తన దేశం మీద బాంబులు పడుతున్న మనిషి అడిగిన ప్రశ్న. దానికి జవాబు చెప్పకపోయే హక్కు సబలెంకకు ఉంది. ఆ ప్రశ్న అందరి ముందు అడిగే హక్కు ఆ విలేకరికీ ఉండాలి. ప్రెస్ రూమ్ తలుపు మూసేస్తే ఆ రెండో హక్కు పోతుంది. అందుకే హాజరు తప్పనిసరి అనే రూలు పూర్తిగా పోవాలని నేను అనను.

ఆ తర్వాతి రెండు సంఘటనలు ఎక్కువ వివరణ అడగవు. 2024 సెప్టెంబరులో ప్రెస్ కాన్ఫరెన్స్‌లో బూతు మాట వాడినందుకు ఫార్ములా వన్ డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్‌కు ప్రజాప్రయోజన పని శిక్షగా వేశారు. సింగపూర్‌లో ఆ వారాంతం అధికారిక సమావేశాల్లో ముక్తసరిగా జవాబిచ్చి, వివరంగా కావాలంటే బయటికి రండని విలేకరులను పిలిచి అక్కడ మాట్లాడాడు. 2025 జనవరిలో మెల్‌బోర్న్‌లో జొకోవిచ్ గెలిచాక కోర్టు ఇంటర్వ్యూ ఇవ్వలేదు. అధికారిక బ్రాడ్‌కాస్టర్ తరఫు వ్యాఖ్యాత తననూ సెర్బియా అభిమానులనూ ఎగతాళి చేశాడన్నది కారణం. చివరికి ఆ వ్యాఖ్యాతా, ఛానలూ క్షమాపణ చెప్పారు.

ఇప్పుడు గోల్ఫ్ దగ్గరికి. టెన్నిస్‌లో ఉన్నట్టు రౌండ్ అయ్యాక మాట్లాడి తీరాలన్న నిబంధన 2025 నాటికి పురుషుల గోల్ఫ్ ప్రధాన సర్క్యూట్ పీజీఏ టూర్‌లో లేదు. మెకల్‌రాయ్ ఆ జూన్‌లో అన్నదీ అదే: రాతపూర్వకంగా నిబంధన వచ్చేదాకా ఆటగాళ్లు అప్పుడప్పుడు తప్పుకుంటూనే ఉంటారు, అది మా హక్కు. దాంతో రూలు పెట్టాలన్న ఒత్తిడి పెరిగింది. పెట్టేటట్టయితే గోల్ఫ్ పెద్దలు ముందు చదవాల్సింది 2021 మే 30 నాటి ఆ ఉమ్మడి ప్రకటనను. హాజరుకు టైమ్ ఎంత, ఏడాదికి ఎన్నిసార్లు కారణం చెప్పకుండా సెలవు తీసుకోవచ్చు, గాయం అంటే ఒంటికి తగిలేదేనా, ఎగ్గొడితే జరిమానాతో సరిపెడతారా లేక ఆడనివ్వరా అన్నవి కొత్త రూలులో రాయాలి. సెలవు గురించి ఒసాకా పారిస్ నుంచి వచ్చిన కొద్ది వారాలకే, 2021 జులైలో టైమ్ పత్రికలో రాసిన వ్యాసంలో అడిగింది. గ్రాండ్‌స్లామ్‌లు వద్దనుకున్నా గోల్ఫ్ దాన్ని మొదటి రోజు నుంచే రూలులో పెట్టుకోవచ్చు.