మానేస్తే పిచ్చి పట్టదు, ఆగండి

"టెన్షన్ వల్లే సిగరెట్ తాగతా ఉండా సార్. మానేస్తే పిచ్చి పట్టేట్టుంది." తిరుపతిలో నా ఓపీకి వచ్చే హాస్టల్ పిల్లల నోట వారం వారం ఇదే మాట.

అపోహ: సిగరెట్ టెన్షన్ తగ్గిస్తుంది.

వాస్తవం: అది తగ్గించేది చాలావరకు తాను తెచ్చిపెట్టిన టెన్షన్‌నే. దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో పొగాకులోని నికోటిన్ మెదడుకు చేరుతుంది. రెండు గంటలకు రక్తంలో సగమవుతుంది. అది తగ్గేకొద్దీ చిరాకు, ఆందోళన, దేనిమీదా మనసు నిలవకపోవడం. ఇంకోటి ముట్టించగానే హాయి. ఆ హాయినే మందనుకుంటారు.

ఒక బీటెక్ అబ్బాయిని వాళ్లమ్మ ఏడుస్తూ తీసుకొచ్చింది. దర్శనానికి పోతే కంపార్ట్‌మెంట్‌లో ఏడు గంటలు కూర్చోలేక, నిలవలేక, ఆమె మీద అరిచాడట. గాలి సోకిందని చుట్టాలు తేల్చేశారు. (ఈ తేల్చేవాళ్లకు ఫీజు ఉండదు, అదే కష్టం.) "మరి ఎప్పుడు కుదుటపడింది నాయనా?" అన్నాను. వాడు అమ్మ వైపు చూసి, నేల వైపు చూసి, "కొండ దిగినాక... అంగట్లో" అన్నాడు. కొండ మీద పొగ నిషేధం కదా. కింద ఒక లూజు సిగరెట్‌తో 'గాలి' వదిలింది.

అలాగని అందరిదీ నికోటిన్ గోలే అనను. నిజంగా డిప్రెషన్, యాంగ్జైటీ ఉన్నవాళ్లకు దానికి వైద్యం కావాలి. కానీ మానితే వాళ్లకూ మేలే. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 అధ్యయనాలను కలిపి చూస్తే, తాగుతూ పోయినవాళ్లకన్నా మానినవాళ్లలో ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. మానసిక జబ్బు ఉన్నవాళ్లలోనూ అంతే. అయితే క్లోజపిన్, ఓలాంజపిన్ అనే మానసిక జబ్బు మందులు వాడేవాళ్లు ముందు డాక్టరుకు చెప్పండి. పొగ ఆగితే రక్తంలో ఆ మందు పెరుగుతుంది.

'వేప్ (ఈ-సిగరెట్) మంచిది' అంటారు. అందులోనూ సాధారణంగా నికోటినే; పైగా 2019 నుంచి మన దేశంలో అమ్మడమే నేరం. 'మానడానికి నికోటిన్ గమ్ వాడినా పనిచేయలేదు' అంటారు. బబుల్‌గమ్‌లా నమిలితే ఎట్లా పనిచేస్తుంది? చురుక్కుమనేదాకా నమిలి, దవడ పక్కన పెట్టాలి. కాఫీ తాగిన పావుగంట దాకా వద్దు. 1800-11-2356కు ఫోన్ చేస్తే మాన్పించే సలహా ఉచితం.

మొదటి మూడు రోజులు గట్టివి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుందని ఆ తల్లికి చెప్పాను. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది.

"ఆ మూడు దినాలూ కొండ మీదనే పెట్టుకుంటే సార్?"

"అన్ని దినాలు రూము ఎవరిస్తారమ్మా" అన్నాను. అబ్బాయి అప్పుడు మొదటిసారి నవ్వినాడు.