గుర్రం దిగిన సుల్తాన్

2011 జనవరిలో తుర్కియేలోని షో టీవీలో ‘ముహ్తెషెమ్ యూజ్‌యిల్’ సీరియల్ మొదలైంది. ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్, ఆయన భార్య హుర్రెమ్‌ల కథ. రోజుల వ్యవధిలోనే ప్రసార నియంత్రణ మండలికి 70 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. మహా సుల్తాన్‌ను మద్యం, మగువలు తప్ప పట్టనివాడిగా చూపించారని జనం కోపం. 2012 నవంబరులో అప్పటి ప్రధాని ఎర్దోగాన్ కూడా మండిపడ్డారు. మాకు తెలిసిన సులేమాన్ ఇతను కాదు, ఆయన 30 ఏళ్లు గుర్రం మీదే గడిపాడన్నారు. అయినా సీరియల్ 2014 దాకా ఆగలేదు. తిట్టినవాళ్లలో చాలామంది చూసే ఉంటారని నా అనుమానం.

సులేమాన్ యుద్ధాలు చేశాడన్నది నిజమే. 1566లో చనిపోయింది కూడా హంగరీ దండయాత్రలోనే. కానీ అంతఃపురం కుట్రలు సీరియల్ రచయితలు పుట్టించినవి కావు. ఒట్టోమన్లలో పెద్దకొడుకుకే సింహాసనం అన్న నియమం లేదు. గద్దెనెక్కినవాడు అన్నదమ్ములను చంపించవచ్చని సులేమాన్ ముత్తాత రెండో మెహ్మెద్ చట్టమే చేశాడు. అంటే కొడుకు ఓడితే ప్రాణమే పోతుంది. అలాంటి చోట తల్లులు ఎత్తులు వేయకుండా ఎలా ఉంటారు?

అప్పటిదాకా సుల్తాన్‌కు పిల్లల్ని కనే అంతఃపుర దాసికి ఒక్క కొడుకే అన్నది ఆనవాయితీ. వాడు పెద్దయి ఏదో ఒక రాష్ట్రానికి పాలకుడిగా వెళితే తల్లీ వెంట వెళ్లేది. నేటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి బానిసగా వచ్చిన హుర్రెమ్ ఈ పద్ధతి తలకిందులు చేసింది. అయిదుగురు కొడుకులను కన్నది, సుల్తాన్‌ను పెళ్లాడింది, రాజధానిలోనే ఉండిపోయింది. ఇస్తాంబుల్ జనం మంత్రగత్తె అన్నారు.

అసలు గాయం 1553 నాటిది. సులేమాన్‌కు మరో దాసి మహిదేవ్రాన్ వల్ల పుట్టిన కొడుకు ముస్తఫా అంటే సైనికులకు ప్రాణం. అతన్ని తండ్రి గుడారంలోకి పిలిపించి గొంతు బిగించి చంపారు. 2014 ఫిబ్రవరిలో ఆ ఎపిసోడ్ ప్రసారమయ్యాక ప్రేక్షకులు బుర్సాలోని ముస్తఫా సమాధికి బారులు తీరారు. ఈ ఏడుపు పాతదే. హత్య జరిగిన కొత్తలోనే కవి తష్లిజాలి యహ్యా విలాపగీతం రాసి, హుర్రెమ్ అల్లుడైన మహామంత్రి రుస్తెమ్ పాషాను దోషిగా నిలబెట్టాడు.

నింద ఎప్పుడూ భార్య మీద, లేదా అల్లుడి మీద. ఆజ్ఞ ఇచ్చింది మాత్రం సులేమానే. ఆయనను గుర్రం మీదే ఉంచాలని పట్టుబట్టినవాళ్లు ఈ ముక్క జోలికి పోరు. సైన్యాన్ని చల్లార్చడానికి అప్పట్లో రుస్తెమ్‌ను పదవి నుంచి తీసేసిన సుల్తాన్, రెండేళ్లు తిరిగేసరికి అదే కుర్చీలో మళ్లీ కూర్చోబెట్టాడు.